చేబదులు కప్ప

నూజివీడు,
12 జూన్ 1949.

బందరు పట్టణంలో సర్కారువారి కాగితాలకు దారాలు కట్టి కట్టి వేళ్ళు అరగదీసుకున్న అన్నయ్యగారి సముఖానికి,

మామిడిపండ్ల నడుమ చెరలో ఉన్న చెల్లెలు కాత్యాయని రెండు చేతులూ జోడించి (రెండూ రసంతో జిగటగా ఉన్నాయి, మన్నించాలి) రాసుకునే విన్నపం. నాన్న బడి తెరిచే రోజులు దగ్గరపడ్డాయని నల్లబల్లకు తనే రంగు పూస్తున్నారు. బామ్మ ఆరోగ్యం బాగానే ఉంది. నన్ను చూసినప్పుడు మాత్రం పాడవుతుంది.

నువ్వు పంపిన కోత సామాన్ల పెట్టె అందింది. కత్తెరా, పట్టకారూ, సూదులూ తళతళలాడుతున్నాయి. బామ్మ మూత తీసి చూసి, ఇవి మంగలివా కంసాలివా అని అడిగింది. డాక్టరువి అన్నాను. ఆ ఇద్దరినీ కలిపితే వచ్చేవాడేగా అని మూత వేసేసింది.

ఇక చదువు సంగతి. వృక్షశాస్త్రం గురించి నీకు దిగులక్కర్లేదు. నా మంచం చుట్టూ వరిగడ్డిలో రసాలు మాగుతున్నాయి. ఫలాల అధ్యాయం కంటితో కాకుండా ముక్కుతోనే ఎక్కేసింది. చిక్కంతా జంతుశాస్త్రంతోనే. జులై ఇరవైన విశాఖలో మెడికల్ కాలేజీ ప్రవేశానికి రాతపరీక్ష, ఇరవై రెండున కప్ప. కప్పను కోసి, గుండె నుంచి బయల్దేరే ధమనులు తెగకుండా విడదీసి చూపించాలి. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో నేను చేసిన ఘనకార్యం నీకు తెలుసు. కత్తెర పెట్టీ పెట్టగానే పెద్ద ధమని తెగి ట్రే అంతా నెత్తురైంది. పరీక్ష చేయడానికి వచ్చిన పెద్దాయన వంగి చూసి, "దోసకాయ తరిగినట్టు తరిగావే తల్లీ" అన్నాడు. మళ్ళీ అదే జరిగితే సీటు రాదు. సీటు రాకపోతే ఇంకో ఏడాది పుస్తకాలతో కూర్చోనివ్వనని బామ్మ ముందే చెప్పేసింది.

కాబట్టి చేతికి సాధన కావాలి. సాధనకు కప్పలు కావాలి. కప్పలకు వాన కావాలి. ఇక్కడ ఆకాశం తోమి బోర్లించిన ఇత్తడి పళ్ళెంలా ఉంది.

ఇందుమూలముగా ప్రకటించేదేమంటే, ఈ నెలాఖరులోగా కప్ప దొరకని పక్షంలో నేను శాస్త్రవిజ్ఞానానికి నమస్కారం పెట్టి, బామ్మ రోజూ చెప్పే చింతలపూడి సంబంధానికి తలవంచి, ఆ ఇంట ఆవకాయలు కలుపుతూ శేషజీవితం గడుపుతాను. వరుడిది పొగాకు వ్యాపారమట. ఊపిరితిత్తుల అధ్యాయం ఇంటి దగ్గరే చదువుకోవచ్చు. ఈ నిర్ణయం నాన్నతో చెప్పే ధైర్యం లేక నీ చెవిన వేస్తున్నాను.

కప్పల కోసం కాచుకున్న,
కొంగ కాని,
కాత్యాయని.

*

బందరు,
17 జూన్ 1949.

చి. కాత్యాయనికి అన్నయ్య గంగాధరం ఆశీస్సులు.

నీ ఉత్తరం ఆఫీసులో ఒకసారి, గదికి వచ్చాక రెండుసార్లు చదివాను. ఇక్కడ కాలవల్లో కప్పలకు కొదవ లేదు. వాటిని నూజివీడు పంపే మార్గం బస్సు కండక్టరును కనుక్కున్నాను. ప్రాణమున్న సరుకు టాపు మీద వేస్తామన్నాడు. ఈ ఎండకు చేరేసరికి ప్రాణం ఉండదు గనక మానుకున్నాను.

రెండో విషయం రాయడానికే ఆలస్యమైంది. చింతలపూడి వారు మంచివారనే విన్నాను. అయినా కప్ప దొరకలేదన్న ఒక్క కారణం మీద పెళ్ళి చేసుకోవడం సరికాదని నా అభిప్రాయం. ఆపైన నీ ఇష్టం, నేను అడ్డు రాను. నీ నోటితో నాన్నకు చెప్పలేనన్నావు కనక ఆ భారం నేనే తీసుకుని నిన్న ఆయనకు రాశాను. విశాఖలో పిన్నికి కూడా, అమ్మాయి బహుశా పరీక్షకు రాకపోవచ్చు, గది ఖాళీ చేయించే తొందరేమీ లేదని కార్డు వేశాను.

ధైర్యంగా ఉండు. ఎండన తిరగకు.

ఇట్లు,
గంగాధరం.

*

నూజివీడు,
26 జూన్ 1949.

అన్నయ్యా,

నీ బిరుదులన్నీ ఈసారికి రద్దు.

నాన్న నీ ఉత్తరం పట్టుకుని మామిడిపండ్ల గదిలోకి వచ్చి గడ్డి మధ్య నిలబడ్డారు. చాలాసేపు పండ్లు చూశారు. పెళ్ళి ఇష్టమైతే నాతో చెబితే కోప్పడతానా అని అడిగారు. అది హాస్యానికి రాశాను నాన్నా అన్నాను. కళ్ళజోడు తీసి, "ఏది హాస్యం, పెళ్ళా పరీక్షా?" అన్నారు. ఎగతాళికి అడగలేదు, నిజంగానే తెలియక అడిగారు. నేను అన్నిటినీ ఒకే గొంతుతో మాట్లాడతానట, ఏది పట్టుకోవాలో తెలియదట. నేనలా మాట్లాడతానా, చెప్పు?

ఈలోగా బామ్మ ఎదురింటివాళ్ళ చేత చింతలపూడికి కార్డు రాయించి పడేసింది. పిన్నికి నువ్వు రాసిన కార్డును రద్దు చేస్తూ నేనొక కార్డు రాశాను. ఇక నుంచి తపాలా శాఖవారు మన కుటుంబం మీదే బతకవచ్చు.

ఇక కప్పలు. మన తోట కాపలా సాంబయ్య కూతురు నాగమణి గుర్తుందా? చిన్నప్పుడు నీ మెడ మీద మామిడి జీడి రాసి బొబ్బలెక్కించింది, ఆ పిల్లే. ఇప్పుడు వెంకాయమ్మ నాట్ల ముఠాలో చేరింది. నా గోడు విని, తోట నూతిలోకి మోకు పట్టుకు దిగి మూడు కప్పలు పట్టుకొచ్చింది. కూలీగా బుట్టెడు రసాలిచ్చాను. ఈ కాయలు కోసింది నేనే, నాకే కూలిస్తున్నారా అమ్మాయిగారూ అని పళ్ళికిలించింది. కప్పల్ని పెరట్లో నీళ్ళ గోళెంలో పెట్టాను. ఆస్పత్రి కాంపౌండరు పున్నయ్యగారు చిన్న సీసాలో క్లోరోఫారం ఇచ్చారు. మొదటి కప్ప దోసకాయే అయింది. రెండోదానికి ఎడమవైపు ధమనులన్నీ నిలిచాయి, కుడివైపు తెగింది. మూడోది మిగిలింది.

మిగిలిందన్నానా, దానికీ పిలుపొచ్చింది. ఆరుద్ర కార్తె వచ్చినా చినుకు లేదు. నారుమళ్ళు ఎర్రబడుతున్నాయి. నిన్న వెంకాయమ్మ ముఠా ఆడవాళ్ళు కప్పతల్లిని మోయడానికి బయల్దేరారు. రోకలికి కట్టి, వాన కోసం ఇంటింటా నీళ్ళు పోయిస్తూ ఊరేగించడానికి వాళ్ళకీ కప్పే కావాలి. ఊరంతా గాలించినా ఒక్కటి దొరకలేదట. నూతిలో ఉన్నవేమో నేనే తెప్పించుకున్నాను. నాగమణి వచ్చి అడిగితే గోళెంలోంచి తీసి ఇచ్చాను. పని కాగానే తిరిగి ఇచ్చేయాలి సుమా అని కూడా చెప్పాను. కాఫీపొడీ పెరుగుతోడూ చేబదులిచ్చిన ఇళ్ళు ఉన్నాయి గానీ, కప్పను చేబదులిచ్చిన మొదటి ఇల్లు మనదే.

వాళ్ళు మన గుమ్మంలోకి వచ్చినప్పుడు బామ్మ చెంబుతో నీళ్ళు దూరం నుంచే విసిరింది. సగం నా పుస్తకం మీద పడ్డాయి.

రద్దయిన బిరుదులు తిరిగి సంపాదించుకోమని హెచ్చరిస్తూ,
కాత్యాయని.

*

బందరు,
1 జులై 1949.

చి. కాత్యాయనికి,

నా తొందరపాటుకు మన్నించు. నాన్నకూ మన్నించమని వేరే రాశాను. ఇకమీదట నువ్వు హాస్యానికి రాసిన వాక్యాల పక్కన అంచులో నిలువు గీత గీస్తే నాకు సదుపాయంగా ఉంటుంది. ఆఫీసులో మేము ముఖ్యమైన పేరాలకు అలాగే గీస్తాం.

కప్పను నువ్వు తిరిగి ఇమ్మన్నది మంచి పని. మరచిపోకుండా తెప్పించుకో. ఉన్నది ఒక్కటే అయినప్పుడు దాన్ని వాడుకోకుండా పరీక్షకు వెళ్ళడం వివేకం కాదు. పసుపూ కుంకుమా పూసి ఉంటాయని సంకోచించకు. కోసేముందు ఎలాగూ చర్మం తీసేస్తారు కదా. తిరిగి రాగానే ఆలస్యం చేయకుండా కొయ్యి.

బామ్మ మాటలకు ఎదురు చెప్పకు.

ఇట్లు,
గంగాధరం.

*

నూజివీడు,
6 జులై 1949.

గీతల శాఖాధిపతులైన అన్నయ్యగారికి,

తమ ఆజ్ఞ శిరసావహించి గీత గీశాను. ఏ వాక్యానికి గీయాలో తేల్చుకోలేక కాగితం పైనుంచి కిందిదాకా, ముందూ వెనకా, రాయకముందే బద్ద పెట్టి ఒకటే గీత లాగేశాను. ఏరుకోవడం తమ పని.

విజయవార్త! కప్ప తిరిగి వచ్చింది. ఒళ్ళంతా పసుపు, నెత్తిన కుంకుమ, కాలికి వేపరెమ్మ, అత్తారింటి నుంచి వచ్చిన కొత్తకోడలిలా ఉంది. నాగమణి పెరటి గుమ్మంలో బామ్మతో ఏదో చెప్పి, గోళెంలో వదిలి వెళ్ళింది. ఈ ఉదయం నీ వివేకాన్ని తలుచుకుని కోశాను. అన్నయ్యా, ఒక్కటి తెగలేదు. రెండువైపులా మూడేసి కొమ్మలు గుండె దగ్గర నుంచి చివరిదాకా నిలిచాయి. ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచాను. గంటసేపు ఆ ట్రే ముందు నుంచి లేవలేదు. నాకు డాక్టరీ వచ్చేస్తుందని మొదటిసారి నమ్మకం కలిగింది.

చింతలపూడి వారు జాతకాలు కుదరలేదని రాశారు. మన ఇంట్లో ఏం కోస్తున్నారో వాళ్ళదాకా వెళ్ళిందని బామ్మ అనుమానం. ఎవరి జాతకంతో కుదరలేదో, కప్పదేమో.

9 జులై.

ఉత్తరం పోస్టు చేయలేదు. అదే కాగితం మీద రాస్తున్నాను.

ఆ సాయంత్రం నాగమణి మామిడి గదిలో గడ్డి తీసేయడానికి వచ్చింది. ట్రే పెరటి గోడ మీద ఆరబెట్టి ఉంది, పక్కనే పసుపు చర్మం. చూసి నిలబడిపోయింది. తర్వాత తెలిసింది, ఆరోజు గుమ్మంలో బామ్మతో చెప్పింది దీన్ని నూతిలో వదిలించండి అనట. బామ్మ కప్ప దరిదాపులకు రాదు కదా, దాని చోట దాన్ని పెట్టవే అందట. తిరిగి ఇమ్మన్నాను కనక తిరిగి వచ్చింది కోయడానికే అనుకున్నాను నేను. నాగమణి నాతో అన్నది ఒక్కటే మాట. "వదిలేస్తారనే ఇచ్చానమ్మాయిగారూ." గడ్డి తీయకుండానే వెళ్ళిపోయింది. మళ్ళీ నాతో మాట్లాడలేదు.

అందరి నీళ్ళూ అందుకున్న కప్ప ప్రాణంతో నీళ్ళలోకి వెళ్ళాలట. చస్తే వాన తిరిగి పోతుందట. నిందంతా నాగమణి మీద పడింది. కప్పను చేతులారా కత్తికి అప్పగించిందని వెంకాయమ్మ ఆమెను నాట్ల ముఠాలోంచి తీసేసింది. ముఠాలో లేనివాళ్ళను ఏ రైతూ నాట్లకు పిలవడు. ఆడవాళ్ళు మన వీధిలోంచి నడవడం మానేశారు. కొందరు ఆడపిల్లల్ని నాన్న బడికి పంపడం లేదు.

నాన్న కోప్పడలేదు. ఆ పిల్లకు పని తిరిగి వచ్చేదాకా నువ్వు బస్సెక్కవని మాత్రం చెప్పారు. పరీక్ష పోతుంది నాన్నా అన్నాను. "ఆడవాళ్ళు నిన్ను చూసి తలుపేసుకుంటే డాక్టరీ ఎవరికి చేస్తావు?" అన్నారు.

వెంకాయమ్మ దగ్గరకు వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది. కోయించిన ఇంటివాళ్ళే రోకలి భుజాన పెట్టుకుని, బతికున్న కప్పతో మళ్ళీ ఇల్లిల్లూ తిరగాలి, అప్పుడు చూద్దాం అంది. పదిహేడు ఆదివారం అనుకున్నాం. మోస్తాను, నాకేం సిగ్గులేదు. కానీ ఇక్కడ కప్ప లేదు. నూతిలో అడుగు కనిపిస్తోంది. శనివారంలోగా ఎలాగైనా ఒక్క కప్పను బతికుండగా పంపించు. టాపు మీద వద్దు, తడిగుడ్డలో చుట్టి ఎవరి ఒళ్ళోనైనా పెట్టి పంపు.

కాత్యాయని.

*

బందరు,
13 జులై 1949.

మామిడి రాజ్యపు మహారాణీవారికి గుమాస్తా గంగాధరం దండాలు.

ఈసారి నేను మోసపోలేదు. నీ గీత చివరి అక్షరం దాకా ఉంది. నిజం చెబుతున్నాను, ఇంత నవ్వి చాలాకాలమైంది. తోటి గుమాస్తా సువర్ణరాజుకు చదివి వినిపించాను. రోకలి మోసే లేడీ డాక్టరు అని అతను మూడు రోజులుగా అంటున్నాడు. నాన్న అన్నట్టు రాసిన మాట మరీ బాగుంది, అచ్చం ఆయన అన్నట్టే ఉంది.

తమరు కోరిన కప్పగారిని విచారించాను. ఒళ్ళో కూర్చుని ప్రయాణం చేయడం తమ హోదాకు తగదని వారు సెలవిచ్చారు. (నాకూ కొంచెం వస్తోంది, చూశావా?)

ధమనులు నిలిచినందుకు చాలా సంతోషం. సోమవారం బస్సు తప్పిపోకుండా చూసుకో. బెజవాడలో రైలుకు ముందే స్టేషనుకు చేరు.

కప్పల రాయబారి,
గంగాధరం.

*

నూజివీడు,
15 జులై 1949.

అన్నయ్యా,

ఈ కాగితానికి గీత లేదు. తొమ్మిదో తేదీన నేను రాసిందాంట్లో ఒక్క ముక్క కూడా హాస్యం కాదు. ముందే లాగిన గీత సంగతి మర్చిపోయి దాని పక్కనే రాశాను. తప్పు నాదే, నీది కాదు.

నాగమణి నిజం. ఆమె పని పోవడం నిజం. నాన్న మాట నిజం. నిన్న ఇద్దరు ఆడవాళ్ళు బావి దగ్గర నన్ను చూసి బిందెలు నింపుకోకుండా వెళ్ళిపోయారు. ఆదివారానికి కప్ప రాకపోతే సోమవారం నేను బస్సెక్కను. నాన్న మాట తప్పరు. తప్పినా నేను ఎక్కలేనేమో.

ఎక్స్‌ప్రెస్ డెలివరీ కింద పంపుతున్నాను.

కాత్యాయని.

*

బెజవాడ స్టేషను,
18 జులై 1949.

అన్నయ్యా,

రైలు ఆలస్యం. ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో కూర్చుని రాస్తున్నాను. నువ్వింకా నూజివీడులోనే ఉంటావు కనక అక్కడికే వేస్తున్నాను.

నిన్న పొద్దువాలాక నువ్వు తడిసిన గోనెసంచీ గుండెకు హత్తుకుని బస్సు దిగావు. బందరు నుంచి గుడివాడ మీదుగా ఒళ్ళో పెట్టుకునే వచ్చావట కదా, నీ చొక్కా చూస్తేనే తెలిసింది. అప్పటికి వెంకాయమ్మ వాళ్ళు మన ఇంటి ముందు చాలాసేపు నిలబడి, తిట్టకుండానే వెళ్ళిపోయారు. తిడితే బాగుండేది.

నువ్వు నాన్న ముందు నిలబడి, కొయ్యమని రాసింది నేను, నా దస్తూరీలోనే ఉంది, కోయించిన ఇంటివాడిని నేనే కనక రేపు నేను మోస్తాను, చెల్లెల్ని పరీక్షకు పంపించండి అన్నావు. నాన్న నీ ఉత్తరం తెచ్చి చదువుకుని, ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి, సరే అన్నారు. నువ్వు ఎప్పుడైనా ఆయనకు ఎదురుచెప్పడం నేను చూడలేదు. బస్సు కదిలేసరికి నువ్వు మన వాకిట్లో రోకలికి గుడ్డ కడుతున్నావు, ముడి సరిగ్గా రావడం లేదు. వెనక్కి తిరిగి చూడడం మానేశాను.

ఒక మాట నీకే చెబుతున్నాను. రాతపరీక్ష రాస్తాను. ఇరవై రెండున వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. ఆరోజు గంటసేపు ఆ ట్రే ముందు ఎంత సంతోషంగా కూర్చున్నానో తలుచుకుంటే కత్తెర మీదికి చెయ్యి వెళ్ళడం లేదు. ఇందాక పెట్టె తెరిచి పట్టుకుని చూశాను. వేళ్ళు వణికాయి. పక్కన కూర్చున్నావిడ మంచినీళ్ళు కావాలా అమ్మా అని అడిగింది. వణికే చేత్తో కోస్తే ఎలాగూ తెగుతుంది. తెగాక బయటికి రావడం కంటే లోపలికి వెళ్ళకపోవడమే మర్యాదేమో.

నాగమణి నా వంక చూస్తుందేమోనని బస్సు తోట పక్కనుంచి పోతున్నంతసేపూ కిటికీలోంచి చూశాను. గేటు దగ్గర సాంబయ్య ఒక్కడే ఉన్నాడు.

కాత్యాయని.

*

నూజివీడు,
19 జులై 1949.

చి. కాత్యాయనికి అన్నయ్య రాయడం. నీ స్టేషను ఉత్తరం ఇవాళ అందింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. నాకు అలంకరించడం రాదు.

నిన్న నువ్వు వెళ్ళాక రోకలి పట్టుకుని వెంకాయమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ అభ్యంతరం పెట్టింది. ఇది ఆడవాళ్ళు చేసేది, మగాడు మోస్తే వానొస్తుందా అంది. ఆడాళ్ళం మోస్తే వచ్చిందా అని వెనక నుంచి ఎవరో అన్నారు. దాంతో వాదన ఆగింది. కానీ రోకలికి రెండో కొస పట్టడానికి ఎవరూ రాలేదు. ఒక్కడినే మోస్తే కప్ప జారిపోతోంది. అలా కొంతసేపు వీధి మధ్యన నిలబడ్డాను. బడికి వెళ్ళే పిల్లలు చుట్టూ చేరారు. అప్పుడు నాగమణి సాంబయ్య గుడిసెలోంచి వచ్చి, నా వంక చూడకుండా, వెనక కొస భుజానికెత్తుకుంది.

మొదటి రెండు ఇళ్ళలో తలుపు తీయలేదు. మూడో ఇంట్లో ఒక ముసలమ్మ చెంబుతో వచ్చి కప్ప మీద పోయబోయి, నా ముఖం చూసి నవ్వు ఆపుకోలేక మొత్తం నా నెత్తిన పోసింది. అక్కడి నుంచి ప్రతి ఇంట్లోనూ అంతే. కప్ప కంటే నేనే ఎక్కువ తడిశాను. కళ్ళజోడు జేబులో పెట్టుకున్నాను కనక చివర్లో ఎవరు పోస్తున్నారో తెలియలేదు. మన ఇంటి దగ్గర మాత్రం తెలిసింది. బామ్మ మెట్లు దిగి రోకలి దాకా వచ్చింది. మూట దగ్గరగా వంగి, చెంబు తాకేంత దగ్గరగా, మెల్లగా పోసింది.

మోసినదానితో పాటు సంచీలో తెచ్చిన కప్పలన్నిటినీ తోట నూతి దగ్గరికి తీసుకెళ్ళాం. నాగమణే దిగి వదిలింది. అడుగున నీళ్ళు కొంచెమే ఉన్నాయి, అయినా మునిగాయి. గట్టు మీద వెంకాయమ్మ నిలబడి ఉంది. నాగమణి పైకి వచ్చాక, నాట్లు పడితే పిలుస్తాలే అంది. ఆ మాట నలుగురి ముందు అనిపించుకున్నాను. నాన్న విన్నారు.

వాన రాలేదు. ఇవాళ కూడా ఆకాశంలో ఏమీ లేదు. నాట్లు పడతాయో లేదో ఎవరూ చెప్పలేరు. వస్తుందని నీకు రాస్తే అబద్ధమవుతుంది.

నీ ఉత్తరం అందాక తోటకు వెళ్ళి నాగమణికి చదివి వినిపించాను. నీ అనుమతి తీసుకోలేదు, క్షమించు. చెయ్యి వణికిందన్న చోట ఆపి మళ్ళీ చదవమంది. చదివాను. రాలిన ఆకులన్నీ ఊడ్చి కుప్ప చేసింది. తర్వాత చీపురు పక్కన పెట్టి ఇలా అంది:

"కొయ్యమని రాయండి బాబుగారూ. ఇక్కడ ఇంత చేసి, అక్కడికెళ్ళి గుమ్మం బయట నిలబడొస్తే నా పని పోయిందెందుకంట? కొయ్యమనండి. పాసై, డాక్టరై ఈ ఊరికే రమ్మనండి. అప్పుడు మాట్లాడతా అమ్మాయిగారితో."

ఆమె అన్నది అన్నట్టే రాశాను. ఇరవై రెండుకు ముందే నీకు చేరాలని దీన్ని బస్సులో బెజవాడ తీసుకెళ్ళి, మెయిలు బండిలో నా చేత్తోనే వేస్తున్నాను.

గంగాధరం.